కారు బ్రేక్ గరగరమంటే... ఏం వినాలి, ఏం చూడాలి?

మా ఇంట్లో కారు సంగతులన్నీ మావారే చూసుకునేవారు. గ్యాస్ కొట్టించడం, పిల్లల్ని స్కూలుకీ డాన్స్ క్లాసుకీ తిప్పడం వరకే నా పని. మొన్న మార్చిలో మా అత్తగారికి కంటి ఆపరేషన్ అని ఆయన మూడు వారాలు ఇండియా వెళ్లారు. సరిగ్గా అప్పుడే, బ్రేక్ వేసినప్పుడల్లా కారు వెనక నుంచి సన్నగా కీచుమనే శబ్దం మొదలైంది. "అమ్మా, కారు ఏడుస్తోంది" అంది మా చిన్నది. నేను పాటల వాల్యూమ్ కొంచెం పెంచాను.

అలాగని పూర్తిగా వదిలేయలేదు. ఫోన్ టార్చ్ వేసి, చక్రం చువ్వల సందుల్లోంచి చూశాను. బ్రేక్ ప్యాడ్ మందంగానే కనిపించింది. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని కదా, కళ్లారా చూశాను, బాగానే ఉంది అనుకున్నాను. రెండు వారాలు గడిచాయి. ఒకరోజు స్కూలు దగ్గర బ్రేక్ వేస్తే, గ్రైండర్‌లో ఇసుక పోసి రుబ్బినట్టు గరగరమంది. పెడల్ కింద పాదానికి కూడా ఆ బరబర తెలిసింది. అప్పుడు భయమేసింది.

దగ్గర్లో ఉన్న షాపుకి తీసుకెళ్తే, నాలుగు చక్రాలకీ ప్యాడ్లు, రోటర్లు మార్చాలని 1,480 డాలర్లు చెప్పారు. ఏది ఎంత అరిగిందో చూపించమంటే, "అన్నీ అరిగాయి మేడమ్" అన్నారే తప్ప చూపించలేదు. ఆ కారు మళ్లీ నడపబుద్ధి కాలేదు. టో ట్రక్‌లో ఇంకో షాపుకి పంపించాను. అక్కడి మెకానిక్ వెనక కుడి చక్రం విప్పి, రెండు ప్యాడ్లూ నా చేతిలో పెట్టాడు. బయటి ప్యాడ్ మీద ఇంకా 6 మిల్లీమీటర్ల పదార్థం ఉంది. లోపలి ప్యాడ్ మీద ఏమీ లేదు. ఉత్త ఇనుప రేకు! నేను చూసింది బయటిదాన్ని. కారుని ఆపాల్సినవి మాత్రం రెండూ.

ఎందుకలా అరిగిందో తెలియాలంటే డిస్క్ బ్రేక్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పుకోవాలి. ఇండియాలో డిస్క్ అనేదాన్నే ఇక్కడ రోటర్ అంటారు. అది చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం. దానికి అటొకటి ఇటొకటి ప్యాడ్లు. పొయ్యి మీది గిన్నెని పట్టకారుతో పట్టినట్టు, క్యాలిపర్ అనే భాగం ఆ రెంటితో పళ్లాన్ని బిగించి పడుతుంది. 1,600 కిలోల కారు గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగిందంటే పుట్టే వేడి, దాదాపు 1.8 లీటర్ల నీళ్లని మరిగే దాకా కాచడానికి సరిపోతుంది. ప్రతిసారీ ఆ పని చేసేవి ఈ చిన్న ముక్కలే.

చాలా కుటుంబ కార్లలో తోసే పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ని నొక్కగానే, క్యాలిపర్ మొత్తం స్లైడ్ పిన్‌ల మీద జారి బయటి ప్యాడ్‌ని లాగుతుంది. మేముండేది డెట్రాయిట్ పక్కన. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీళ్లు ఇనుముకి తుప్పు తొందరగా పట్టిస్తాయి. పిన్ తుప్పుపట్టి బిగుసుకుంటే క్యాలిపర్ జారదు. భారమంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. మా కారుకి జరిగింది ఇదే.

ఇప్పుడు శబ్దాల సంగతి. మెకానిక్ చెప్పినవి, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

రాత్రి వాన పడి, పొద్దున్నే మొదటి రెండు మూడు బ్రేకులకి గరుకుగా వినిపించి ఆగిపోతే కంగారు పడక్కర్లేదు. రోటర్ మీద పట్టిన పలచటి తుప్పుని ప్యాడ్లు గీకేస్తున్నాయి, అంతే.

బ్రేక్ వేసినప్పుడు సన్నగా కీచుమంటే అది చాలా కార్లలో హెచ్చరిక. ప్యాడ్ 2, 3 మిల్లీమీటర్లకి అరిగాక రోటర్‌కి తగిలి అరిచేలా ఒక చిన్న రేకు పెడతారు. తరచుగా అది లోపలి ప్యాడ్‌కే ఉంటుంది. కొత్త ప్యాడ్ మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు. నేను పాటల చాటున దాచింది ఈ హెచ్చరికనే.

బ్రేక్ వేయకపోయినా, చక్రం తిరిగినంతసేపూ రేకు గీసుకున్నట్టు వినిపిస్తే, రోటర్ వెనకుండే పలచటి డస్ట్ షీల్డ్ వంగి తగులుతుండొచ్చు. దానికీ రోటర్‌కీ మధ్య చిన్న రాయి ఇరుక్కున్నా ఇలాగే అరుస్తుంది. రెంటికీ ఖర్చు తక్కువ.

వేగంతో పాటు పెరిగే హోరు, స్టీరింగ్ ఒక పక్కకి తిప్పితే మారుతుంటే, అది బ్రేక్ కాకపోవచ్చు. వీల్ బేరింగ్ చూపించండి.

బ్రేక్ వేయగానే గరగర, పెడల్‌లో బరబర తెలిస్తే మాత్రం ఇనుము ఇనుముని తింటోందని అనుకోవాలి. ఇంక నడపకండి. రోటర్ పాడవడం సరే, కారు ఆగడానికి పట్టే దూరం కూడా పెరుగుతుంది.

కీచుమనడం, గీసుకోవడం వరకే అయితే, షాపుకి వెళ్లే ముందు ఖాళీ పార్కింగ్ లాట్‌లో పది నిమిషాలు పరీక్షించుకోవచ్చు. అద్దాలు దించి, పాటలు ఆపి, గంటకు 10 మైళ్ల వేగంతో గోడ పక్కగా వెళ్లండి. శబ్దం గోడకి తగిలి స్పష్టంగా వినిపిస్తుంది. బ్రేక్ వేస్తేనే వస్తోందా, ఎప్పుడూ వస్తోందా? ముందా వెనకా, కుడా ఎడమా? ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి. పార్కింగ్ బ్రేక్ పూర్తిగా వదిలారో లేదో కూడా చూసుకోండి. కాసేపు మామూలుగా నడిపి ఆపాక, ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండా. ఒక చక్రం దగ్గరే సెగ కొడుతున్నా, మాడు వాసన వస్తున్నా, అక్కడ బ్రేక్ వదలకుండా పట్టేసి ఉంటుంది. జాకీ మీద లేపిన కారు కిందకి మాత్రం దూరకండి.

షాపులో అడగాల్సినవి నాలుగు. ఒక్కో చక్రానికి లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయి? రోటర్ మందం ఎంత, దాని మీద ముద్రించిన కనీస మందం ఎంత? రెండు ప్యాడ్లూ సమానంగా అరగకపోతే కారణమేంటి, పిన్‌లా పిస్టనా? మార్చిన పాత ముక్కలు చూపిస్తారా? మూడోది ముఖ్యం. కారణం సరిచేయకుండా కొత్త ప్యాడ్ వేస్తే అదీ అలాగే అరుగుతుంది.

మా కారుకి ముందు ప్యాడ్లు 7 మిల్లీమీటర్లు ఉన్నాయి, ముట్టుకోలేదు. వెనక రెండు చక్రాలకీ ప్యాడ్లు, రోటర్లు మార్చారు. ప్యాడ్లు ఎప్పుడూ రెండు వైపులా జతగానే మార్చాలి. పిన్‌లు శుభ్రం చేసి గ్రీజు పెట్టారు. మొత్తం 430 డాలర్లు. కీచుమన్న మొదటి వారమే వెళ్లుంటే రోటర్లు మిగిలేవని మెకానిక్ అన్నాడు.

డబ్బు సంగతి పక్కన పెడితే, ఆ రెండు వారాలూ వెనక సీట్లో పిల్లలున్నారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్లం రోజూ కారు నడుపుతాం, కానీ దాని బాగోగులు "ఆయన చూసుకుంటారు" అని వదిలేస్తాం. శబ్దం వినిపించేది నడిపేవాళ్లకే కదండీ. ఇప్పుడు ఆయిల్ మార్పించినప్పుడల్లా నాలుగు చక్రాల ప్యాడ్ల మందం, లోపలిదీ బయటిదీ, అడిగి రాసుకుంటున్నాను. ఆ పుస్తకం మా కారు గ్లవ్ బాక్స్‌లోనే ఉంటుంది.