బ్యాంకు బేరం చెడి... ప్రపంచమంతా హిల్టన్!

బ్యాంకు కొందామని వెళ్లి హోటల్ కొనుక్కున్న మనిషి ఎవరో మీకు తెలుసా? కాన్రాడ్ హిల్టన్! 1919లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో సిస్కో అనే చిన్న ఊళ్లో దిగాడు. బ్యాంకు ధర 75,000 డాలర్లన్నారు, సరే అన్నాడు. తీరా చేతిలో చెయ్యి వేసే వేళకి అమ్మేవాడు 80,000 అన్నాడు. ఒళ్లు మండిన హిల్టన్, రాత్రికి తల దాచుకుందామని మోబ్లీ హోటల్‌కి వెళ్లాడు. గది దొరకలేదు. హోటలే దొరికింది! ధర 40,000 డాలర్లు. ఆ బ్యాంకాయన మాట మీద నిలబడి ఉంటే ఇవాళ హిల్టన్ పేరు ఏ పాస్‌బుక్కు మీదో ఉండేదేమో!

ఆ హోటల్లో ఒక్కో మంచాన్ని రోజుకు మూడుసార్లు అద్దెకిచ్చేవారని మీకు తెలుసా? ఊరి చుట్టూ చమురు బావులు, ఊరి నిండా పనివాళ్లు. ఉన్నవి 40 గదులు. అందుకే 8 గంటలకో మనిషి! దుప్పటి చల్లారేలోపు ఇంకొకరు తయారు. ఆఖరికి యజమాని హిల్టన్ కూడా తన గదిని అద్దెకిచ్చేసి, ఆఫీసులో కుర్చీలో కునుకు తీసేవాడు.

మన దగ్గర హోటల్ అంటే ముందు గుర్తొచ్చేది ఇడ్లీ సాంబారు. మరి హిల్టన్ కొన్న మొదటి హోటల్లో ముందుగా తీసేసింది ఏమిటో తెలుసా? భోజనశాలనే! దాన్నీ పడక గదులుగా మార్చేశాడు. రిసెప్షన్ బల్లను సగానికి కోయించి, మిగిలిన చోట పత్రికలూ చుట్టలూ అమ్మే కొట్టు పెట్టాడు. ఖాళీ జాగా కనిపిస్తే ఆ కంటికి డబ్బు కనిపించేది.

ఆ కన్ను ముసలితనంలోనూ మసకబారలేదు. న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా లాబీలో నాలుగు పెద్ద స్తంభాలుండేవి. అవి పైకప్పును మోయడం లేదని, ఉత్త అలంకారమని హిల్టన్ కనిపెట్టాడు. వాటిలో అద్దాల బీరువాలు పెట్టించి నగల వ్యాపారులకీ అత్తర్ల వ్యాపారులకీ అద్దెకిచ్చాడు. స్తంభం చేత కూడా సంపాదింపజేశాడండీ!

పడమటి ఎండను ఓడించిన హోటల్ ఏదో మీకు తెలుసా? 1925లో కట్టిన డల్లాస్ హిల్టన్. ఆయన పేరు పెట్టుకున్న మొట్టమొదటి హోటల్ అదే. గదుల్లో ఏసీలు లేని కాలం. అందుకని లిఫ్టులు, మాసిన దుప్పట్లు కిందకి జార్చే గొట్టాలు, అన్నీ పడమటి గోడ వైపు పెట్టించాడు. అటు వైపు పడక గది ఒక్కటీ లేదు! మే నెలలో బెజవాడలో పడమటి గదిలో పడుకున్నవాళ్లకి ఈ తెలివి విలువ వేరే చెప్పాలా?

ఇంకో సంగతి. ఆ హోటల్ సగం లేచేసరికి డబ్బు అయిపోయింది. హిల్టన్ నేరుగా స్థలం యజమాని దగ్గరికెళ్లి, మిగతాది మీరే కట్టి నాకు అద్దెకివ్వండి అన్నాడు. ఆయన కట్టి ఇచ్చాడు!

బెల్‌బాయ్ దగ్గర డబ్బు తీసుకున్న కోటీశ్వరుడు ఎవరో తెలుసా? మళ్లీ ఆయనే. 1930ల మాంద్యంలో హోటళ్లు ఒక్కొక్కటే చేజారిపోతుంటే, ఒక బెల్‌బాయ్ తాను దాచుకున్న 300 డాలర్లు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లోనే హిల్టన్ పత్రికలో వాల్డార్ఫ్ ఆస్టోరియా బొమ్మ చూసి, కత్తిరించి దాచుకున్నాడు. అన్నిటిలోకీ గొప్పది ఇదే అని దాని మీద రాసుకుని బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. తిండికే అప్పు, చూపేమో వాల్డార్ఫ్ మీద! 1949లో ఆ బొమ్మలోని హోటల్ ఆయన చేతికొచ్చింది.

1945లో చికాగోలో కొన్న స్టీవెన్స్ హోటల్‌లో దాదాపు 3,000 గదులు. అప్పటికి ప్రపంచంలోనే పెద్దది. 1954లో స్టాట్లర్ హోటళ్లన్నిటినీ కలిపి 11.1 కోట్ల డాలర్లకు కొనేశాడు. కూరగాయల బండి మీద బుట్టతో సహా బేరమాడినట్టు!

ఒక్క ఉత్తరంతో సముద్రం అవతల హోటల్ సంపాదించడం ఎలాగో మీకు తెలుసా? ప్యూర్టో రికో ప్రభుత్వం, మా దగ్గర హోటల్ నడపండి అంటూ అమెరికా హోటల్ యజమానులకు ఉత్తరాలు రాసింది. మిగతావాళ్లు ఇంగ్లీషులో జవాబిచ్చారు. న్యూ మెక్సికోలో పుట్టి పెరిగిన హిల్టన్ స్పానిష్‌లో మొదలుపెట్టాడు! ఇంకేం, 1949 డిసెంబరులో శాన్ హువాన్‌లో కరీబ్ హిల్టన్ తలుపులు తెరుచుకున్నాయి. భవనం ప్రభుత్వానిది, నడిపేది హిల్టన్. లాభంలో మూడింట రెండు వంతులు ప్రభుత్వానికే. ఇటుక ఒక్కటీ కొనకుండా హోటల్ పెట్టడమంటే ఇదీ! నన్నడిగితే, చమురు ఊరి మంచాలకంటే, వాల్డార్ఫ్ కంటే, ఆయన కనిపెట్టిన అసలు బంగారు గని ఇదే. ఇవాళ ఆ పేరుతో నడిచే హోటళ్లలో కంపెనీ సొంత భవనాలు బహు కొద్ది.

అనాస రసం, కొబ్బరి, రమ్ కలిపిన పీనా కొలాడా తమ బార్‌లోనే 1954లో పుట్టిందని ఆ కరీబ్ హిల్టన్ వాళ్లంటారు. అదే ఊళ్లోని ఇంకో రెస్టారెంటు, కాదు మా దగ్గరే అంటుంది. గ్లాసు ఖాళీ అయినా తగువు తీరలేదు!

క్యూబా విప్లవానికి ప్రధాన కార్యాలయమైన హిల్టన్ ఏదో మీకు తెలుసా? హవానా హిల్టన్! 1958 మార్చిలో తెరిచారు. ఏడాది తిరక్కుండా, 1959 జనవరిలో ఫిడెల్ కాస్ట్రో వచ్చి 2324 నంబరు సూట్‌లో దిగి, అక్కణ్నుంచే వ్యవహారాలు నడిపాడు. దాని ఇప్పటి పేరు హబానా లిబ్రే. తాళం చెవి తిరిగివ్వని అతిథి అంటే ఆయనే!

ఆమ్‌స్టర్‌డామ్ హిల్టన్ 702వ గదిలో 1969 మార్చిలో జాన్ లెనన్, యోకో ఓనో ప్రపంచ శాంతి కోరుతూ వారం రోజులు మంచం దిగలేదు. విలేకరులే మంచం దగ్గరికి వచ్చారు!

ఇప్పుడు గట్టి ప్రశ్న. సొంత ఇంటిపేరు వాడుకునే హక్కు పోగొట్టుకున్న కంపెనీ ఏది? హిల్టనే! 1964లో విదేశీ వ్యాపారాన్ని వేరే కంపెనీగా విడదీశారు. అది 1967లో టీడబ్ల్యూఏ విమాన సంస్థ చేతికి, 1987లో బ్రిటన్‌కి చెందిన లాడ్‌బ్రోక్ చేతికి వెళ్లింది. అమెరికా బయట హిల్టన్ పేరు వాళ్లది, అమెరికా లోపల వీళ్లది. మరి వీళ్లు బయట హోటల్ పెట్టాలంటే? ఇంటిపేరు లేకపోతేనేం, అసలు పేరుందిగా! అలా పుట్టిందే కాన్రాడ్ బ్రాండు. వాళ్లు అమెరికాలో పెట్టినవాటికి విస్టా అని పేరు. 2006లో రెండూ మళ్లీ ఒకటయ్యాయి. అన్నదమ్ముల వాటాల తగువు తేలడానికి 42 ఏళ్లు!

గదుల్లో టీవీలు పెట్టిన మొదటి హోటల్ న్యూయార్క్‌లో హిల్టన్ వాళ్ల రూజ్‌వెల్ట్, 1947. గదిగదికీ మద్యం నింపిన మినీబార్ పెట్టింది 1974లో, హాంకాంగ్ హిల్టన్‌లో. ఆ తర్వాత బిల్లు చూసి ఉలిక్కిపడినవాళ్లను లెక్కపెట్టినవారు లేరు!

చందమామ మీద హోటల్ కడతానన్నది ఎవరో తెలుసా? కాన్రాడ్ కొడుకు బ్యారన్ హిల్టన్, 1967లో. నేల కింద 100 గదులట! మరుసటి ఏడు వచ్చిన స్టాన్లీ కుబ్రిక్ సినిమాలో అంతరిక్ష కేంద్రంలో హిల్టన్ బోర్డు ఉంటుంది. ఇది వట్టి కలేనా? 2022లో స్టార్‌ల్యాబ్ అనే అంతరిక్ష కేంద్రం గదుల రూపకల్పనలో హిల్టన్ నిజంగానే భాగస్వామి అయింది.

అంతరిక్షంలో బేక్ చేసిన మొదటి వంటకం కూడా వీళ్లదే! డబుల్‌ట్రీ హోటళ్లలో వచ్చినవాళ్ల చేతిలో పెట్టే వెచ్చటి చాక్లెట్ బిస్కెట్టు. 2019 చివర్లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ప్రయత్నిస్తే, 25 నిమిషాల తర్వాత కూడా మొదటిది పచ్చిగానే ఉంది. సరిగ్గా కాలిన దానికి రెండు గంటలు పట్టింది. ఆకలితో వెళ్లేవాళ్లు కాస్త ముందే ఆర్డరివ్వాలి!

2007లో బ్లాక్‌స్టోన్ సంస్థ హిల్టన్‌ను 2,600 కోట్ల డాలర్లకు కొంది. మరుసటి ఏడే ప్రపంచ ఆర్థిక సంక్షోభం! మునిగిపోయిందనే అనుకున్నారంతా. 2018లో బ్లాక్‌స్టోన్ వాటాలన్నీ అమ్మి బయటికొచ్చేసరికి మిగిలిన లాభం దాదాపు 1,400 కోట్ల డాలర్లు.

2024లో హోటళ్లు 8,000 దాటాయి, గదులు 12 లక్షలు పైనే. రోజుకో గదిలో పడుకుంటూ పోతే అన్నీ చుట్టి రావడానికి 3,200 ఏళ్లు పైనే. సంచి సర్దుకోండి!

ఈ గదుల సొమ్ముకూ మన కంటి చూపుకూ చుట్టరికం ఉందని మీకు తెలుసా? కాన్రాడ్ తన ఆస్తిలో చాలా భాగం దానధర్మాల ఫౌండేషన్‌కే రాసిచ్చాడు. అది ఇచ్చే మానవతా పురస్కారం 2010లో మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి దక్కింది. తిరుపతిలో మనవాళ్లకు శుక్లాలు తీస్తున్నదీ ఆ అరవింద్ సంస్థే!

మరి ఆ 40 గదుల మోబ్లీ ఏమైందంటారా? సిస్కోలో ఇంకా ఉంది, మ్యూజియంగా. రాత్రికి గది మాత్రం దొరకదు. 1919లోనూ దొరకలేదుగా!