నష్టం ఎవరిది?

వ్యాపార సంస్థ స్వరూపాన్ని యజమాని ఇష్టమొక్కటే నిర్ణయించదు. పరిసర పరిస్థితులు కూడా నిర్ణయిస్తాయి. నందిగామ ప్రాంతపు పత్తి, మిర్చి ధరలు వానలను బట్టి, దూరపు మార్కెట్లను బట్టి మారుతుంటాయి. ఆ వర్తకానికి సొంత దుకాణమో, భాగస్వామ్యమో చాలు. అయితే 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామీ సొంత ఆస్తితో సహా బాధ్యుడు. జగ్గయ్యపేట సున్నపురాయితో సిమెంటు తయారుచేయడానికి కావలసిన భారీ పెట్టుబడి నలుగురైదుగురి వల్ల సమకూరదు. అందుకే అక్కడ కంపెనీలు వెలిశాయి. వాటాదారు తన వాటా మేరకే నష్టపోతాడు. ఇస్లామీయ ముదారబాలో, నిర్లక్ష్యం గాని ఒప్పందభంగం గాని లేనప్పుడు, ధననష్టం పెట్టుబడి పెట్టినవానిది; పనిచేసినవానికి శ్రమ వృథా అవుతుంది. దివ్య ఖుర్ఆన్ (2:282) అప్పును వ్రాసుకోమంటున్నది. భాగస్వాములు కూడా ఎవరి పెట్టుబడి ఎంతో, నష్టం ఎలా భరించాలో ముందే వ్రాసుకుంటే, ధర పడిపోయిన ఏట స్నేహం చెడదు.