ఓటీటీ చందా: చవక దారుల వింతలు విశేషాలు

వీసీఆర్ అద్దెకు తెచ్చుకున్న రోజుల్లో ముందు సినిమా పేరు అనుకునేవాళ్లం. తర్వాత నాలుగిళ్లవాళ్లూ తలా కొంత వేసుకునేవాళ్లు. తెల్లారేసరికి కేసెట్ తిరిగి ఇచ్చేయాలి కాబట్టి ఒక్క పాటైనా దాటేయకుండా చూసేవాళ్లం. ఇప్పుడు వరస తిరగబడింది. ముందు డబ్బు కట్టేసి, ఆ తర్వాత ఏం చూడాలా అని రిమోట్ పట్టుకుని వెతుకుతున్నాం. ఓటీటీ చందాల చరిత్రలోని రికార్డులు, వింతలు కొన్ని ఇక్కడ ఏర్చి కూర్చాను. ధరలన్నీ పక్కన రాసిన ఏడాదివే. కట్టే ముందు ఈనాటి ధర ఒకసారి చూసుకోండి.

ఫోన్ ప్లాన్‌కు పుట్టిల్లు మన దేశం

నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో భారతదేశానికి వచ్చినప్పుడు నెల చందా 500 రూపాయల దగ్గర మొదలైంది. అప్పటి కేబుల్ బిల్లుతో పోలిస్తే అది పెద్ద మొత్తమే. 2019 జూలైలో ఆ సంస్థ ఒక్క ఫోన్‌లోగానీ ట్యాబ్‌లోగానీ చూసేందుకు 199 రూపాయల ప్లాన్ పెట్టింది. ప్రయోగ దశ దాటి ఇలాంటి ప్లాన్ పూర్తిస్థాయిలో అమ్మకానికి వచ్చిన మొదటి దేశం మనదే. ఆ తర్వాతే మలేసియా, ఇండోనేసియాలకు వెళ్లింది. హాస్టల్‌లో, పీజీలో ఫోన్ మీదే సినిమా చూసే పిల్లలకు టీవీ ప్లాన్ కొనడం దండగ.

ఒకే రోజు ఒకటి దిగింది, ఒకటి ఎక్కింది

2021 డిసెంబర్ 14న నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ధరలు తగ్గించింది. 199 రూపాయల ఫోన్ ప్లాన్ 149కి దిగింది. 499 రూపాయల బేసిక్ ప్లాన్ ఏకంగా 199కి పడింది, అంటే 60 శాతం కోత. సరిగ్గా అదే రోజు అమెజాన్ ప్రైమ్ ఏడాది చందా 999 నుంచి 1,499కి ఎక్కింది. ఆ పెంపు సంగతి అమెజాన్ ముందే చెప్పింది. గడువులోపు కట్టినవాళ్లకు మరో ఏడాది పాత ధరే నడిచింది. ధరలు పెరుగుతాయన్న వార్త కనబడితే, ఎలాగూ ఏడాదంతా చూసేవాళ్లు ఆలస్యం చేయకూడదు.

ఏడో నెల దగ్గర రెండు రూపాయల తేడా

ప్రైమ్ చందా 2023 ఏప్రిల్ నుంచి నెలకు 299, మూడు నెలలకు 599, ఏడాదికి 1,499 రూపాయలు. నెలనెలా కడుతూ పోతే ఏడాదికి 3,588 అవుతుంది. అంటే ఏడాది ప్లాన్‌కు రెట్టింపు కంటే ఎక్కువ. అందుకే అందరూ ఏడాది ప్లానే చవక అంటారు. కానీ మూడు నెలల ప్లాన్ రెండుసార్లు, నెల ప్లాన్ ఒకసారి తీసుకుంటే ఏడు నెలలకు 1,497 రూపాయలు. ఏడాదిలో ఏడు నెలలు మించి చూడని ఇంటికి విడివిడిగా కట్టడమే లాభం. ఎనిమిదో నెల కూడా కావాలంటేనే ఏడాది ప్లాన్ చవకవుతుంది. పరీక్షల నెలల్లో టీవీ కట్టేసే ఇళ్లు ఈ లెక్క వేసుకోవాలి.

రోజుకో రూపాయి

తెలుగు సినిమాలు, తెలుగు కార్యక్రమాల కోసమే పుట్టిన ఆహా 2020 ఉగాదికి లాంఛనంగా మొదలైంది. అప్పట్లో ఏడాదికి 365 రూపాయలు, అంటే రోజుకో రూపాయి. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పడానికి అంతకంటే తేలికైన ధర ఉండదు. ఇతర భాషలేవీ అక్కర్లేని ఇంటికి, ఒక్క భాషకే కట్టే చందా చవక దారుల్లో మేలైనది.

పది నెలలు బతికిన 29 రూపాయలు

2024 ఏప్రిల్ 25న జియోసినిమా నెలకు 29 రూపాయల ప్లాన్ తెచ్చింది. నాలుగు పరికరాల్లో చూసే కుటుంబ ప్లాన్ 89 రూపాయలు.  2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. కొత్త ఫోన్ ప్లాన్ మూడు నెలలకు 149 రూపాయలు. పోటీ ఉన్నంత కాలమే అంత తక్కువ ధర దొరుకుతుందని ఈ 29 రూపాయల కథ చెప్పింది.

పైసా కట్టకుండా 5.9 కోట్ల మంది

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో జరిగిన క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్‌ను డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో ఒకే క్షణంలో 5.9 కోట్ల మంది చూశారు. అప్పటికి అది రికార్డు. 2019 ప్రపంచ కప్ సెమీఫైనల్ నాటి లెక్క 2.53 కోట్లే. ఈ పెరుగుదలకు పెద్ద కారణం 2023లో ఫోన్‌లో మ్యాచ్‌లు ఉచితంగా ఇవ్వడం. ఆ ఏడాది ఐపీఎల్‌ను జియోసినిమా కూడా అలాగే ఉచితంగా చూపింది.

చందా లేదు, సినిమాకే టికెట్

కేసెట్ రోజుల పద్ధతికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. 2023 జూన్‌లో విశాఖలో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ‘ఫస్ట్ డే ఫస్ట్ షో’ మొదలుపెట్టింది. కొత్త సినిమా విడుదలైన రోజే ఇంట్లో చూడటానికి 99 రూపాయలు, గడువు 24 గంటలు. థియేటర్ లేని పల్లెలను మనసులో పెట్టుకుని చేసిన ప్రయత్నమది. 2024 మార్చి 7న కేరళ ప్రభుత్వం సీస్పేస్‌ను ప్రారంభించింది. రాష్ట్ర ప్రభుత్వం నడిపే ఓటీటీల్లో దేశంలో అదే మొదటిది. అక్కడ పెద్ద సినిమాకు 75 రూపాయలు. 2025 ఆగస్టు 1న ఆమిర్ ఖాన్ తన ‘సితారే జమీన్ పర్’ సినిమాను యూట్యూబ్‌లో 100 రూపాయలకు పెట్టారు. నెలకు ఒక్క సినిమా చూసే ఇంటికి ఖరీదైన నెల చందా కంటే టికెట్టే నయం. ఆ వంద రూపాయలకు ఇల్లంతా కూర్చుని చూడొచ్చు.

లైబ్రరీ కార్డే చందా

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామంది వాడుకోని దారి ఒకటి ఉంది. అక్కడి ఎన్నో పబ్లిక్ లైబ్రరీలు కానొపీ, హూప్లా అనే వేదికలకు తామే డబ్బు కడతాయి. లైబ్రరీ కార్డు ఉంటే చాలు, నెలకు కొన్ని సినిమాలు ఉచితంగా చూడొచ్చు. పిల్లల కార్యక్రమాలూ దొరుకుతాయి. కట్టిన పన్నులోంచి వచ్చే సౌకర్యమిది. కార్డు ఉండి కూడా పుస్తకాలకే వాడుతున్నవాళ్లు మీ ఊరి లైబ్రరీలో ఒక్కసారి అడగండి.

కెన్యాలో ఉచిత నెట్‌ఫ్లిక్స్

2021 సెప్టెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ కెన్యాలో ఆండ్రాయిడ్ ఫోన్లకు పూర్తి ఉచిత ప్లాన్ ఇచ్చింది. కార్డు నంబర్ కూడా అడగలేదు. ప్రకటనలూ లేవు. 2023 నవంబర్‌లో అది ఆగిపోయింది.

పాస్‌వర్డ్ ప్రేమ, ఆపై కట్టడి

2017 మార్చిలో నెట్‌ఫ్లిక్స్, పాస్‌వర్డ్ పంచుకోవడమే ప్రేమ అన్న అర్థంలో ట్వీట్ చేసింది. అయిదేళ్లు తిరిగేసరికి పరిస్థితి మారింది. 2022 మొదటి మూడు నెలల్లో చందాదారులు రెండు లక్షల మంది తగ్గారు. పదేళ్లలో అలా జరగడం అదే మొదటిసారి. పది కోట్లకు పైగా ఇళ్లు వేరేవాళ్ల పాస్‌వర్డ్‌తో చూస్తున్నాయని సంస్థే లెక్క చెప్పింది. కట్టడి చిలీ, పెరూ, కోస్టారికాల్లో మొదలై 2023 జూలై 20న మన దేశానికి చేరింది. 2024 చివరి మూడు నెలల్లో కొత్తగా చేరినవాళ్లు 1.89 కోట్లు. ఆ సంస్థ చరిత్రలో ఒక త్రైమాసికానికి అదే అతి పెద్ద సంఖ్య. ఇక వేరే ఊళ్లో ఉన్న తమ్ముడి పాస్‌వర్డ్ మీద ఆధారపడటం కుదరని పని. ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు కుటుంబ ప్లాన్ సరైన దారి. 2024 ఆగస్టు నాటి యూట్యూబ్ ప్రీమియం కుటుంబ ప్లాన్ 299 రూపాయలు. ఆరుగురు వాడుకుంటే మనిషికి 50 కూడా పడదు.

ఒకే చందా, రెండు ధరలు

2023 జూలైలో అమెరికాలో యూట్యూబ్ ప్రీమియం వెబ్‌సైట్‌లో కొంటే నెలకు 13.99 డాలర్లు. ఐఫోన్ యాప్‌లోంచి కొంటే 18.99 డాలర్లు. యాప్ స్టోర్ తీసుకునే వాటా భారం కొన్నవాళ్ల మీద పడింది. ఏడాదికి 60 డాలర్లు ఊరికే పోతాయి. యాప్‌లో బటన్ నొక్కే ముందు అదే సంస్థ వెబ్‌సైట్‌లో ధర చూడటం అర నిమిషం పని.

రీఛార్జ్‌లోనే సినిమా

2023 ఆగస్టులో జియో 84 రోజుల 1,099 రూపాయల ప్రీపెయిడ్ ప్లాన్‌లో నెట్‌ఫ్లిక్స్ కలిపింది. ప్రీపెయిడ్ రీఛార్జ్‌తో నెట్‌ఫ్లిక్స్ ఇవ్వడం ప్రపంచంలో అదే మొదలు. ఇలాంటి ప్లాన్ తీసుకునేటప్పుడు ఓటీటీ లేని మామూలు రీఛార్జ్ ధర తీసేసి, మిగిలినదాన్ని విడి చందాతో పోల్చాలి. ఓటీటీ ఇప్పటికే వేరే చోట కట్టి ఉంటే, ఒకటే సరుకు రెండుసార్లు కొన్నట్టు.

24 గంటల ముందు వచ్చే సందేశం

2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కార్డు నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ముందు, కనీసం 24 గంటల ముందు మనకు సందేశం రావాలి. మన ఫోన్‌లో నిత్యం వచ్చి పడే సందేశాల్లో డబ్బు మిగిల్చేది బహుశా ఇదొక్కటే. అది రాగానే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: పోయిన నెల ఇందులో ఏం చూశాం?

మా ఇంట్లో గోడ క్యాలెండర్ వెనక పేజీలో చూడాలనుకున్న సినిమాల పేర్లు రాసుకుంటాం. పక్కన అది ఏ యాప్‌లో ఉందో రాస్తాం. ఒకే యాప్ పేరు నాలుగుసార్లు వచ్చాక ఆ నెలకు కడతాం. చూసిన పేరు కొట్టేస్తాం. నాలుగూ కొట్టేశాక చందా ఆపేస్తాం. కేసెట్ తిరిగి ఇచ్చేసినట్టే.