సారా దుకాణంలో బైరాగి

డోన్‌కు దగ్గర్లోని బనగానపల్లెలో పశువులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని చెప్పుకునే వీరబ్రహ్మంగారి కథ సీమలో ఇంటింటికీ తెలుసు. దూదేకుల సిద్దయ్య ఆయన శిష్యుడు. ఆచారపరులకు అది గిట్టలేదంటారు. 1984లో ఎన్టీఆర్ ఆయన కథను సినిమాగా తీశారు.

అది జనం నమ్మి కొలిచే గురువు కథ. ఇక దొంగభక్తి సంగతికొస్తే గురజాడను మించినవాళ్లు తక్కువే. 1909 నాటి ‘కన్యాశుల్కం’లో వేదం చదువుకున్న అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతుర్ని ముసలాడికి అమ్మజూస్తాడు. హరిద్వారం కబుర్లు చెప్పే బైరాగి సారా దుకాణంలో తేలతాడు. పూజారి గవరయ్య దెయ్యాన్ని సీసాలో బిగించానంటాడు. అందరికీ దేవుడి పేరే పెట్టుబడి!

ఫ్రాన్సులో 1664లో మోలియేర్ దొంగభక్తుడి మీద ‘టార్ట్యూఫ్’ నాటకం ఆడిస్తే, మతపెద్దల ఒత్తిడికి రాజు బహిరంగ ప్రదర్శనలు ఆపించాడు. గురజాడ మాత్రం తన నాటకం తొలి కూర్పును విజయనగరం మహారాజా ఆనందగజపతికే అంకితమిచ్చాడు.