సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్

సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్ అనునది బొంబాయి వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ 1982లో రికార్డు చేసిన సింథసైజర్ సంగీత ఆల్బము. హెచ్.ఎం.వి. ముద్రతో వెలువడింది. హిందీ చిత్రాల వాద్యబృందాలలో పనిచేసిన సింగ్ అంతకుముందు రికార్డులలో సినిమా పాటలనే వాద్యాలపై పలికించేవారు. ఇందులో మాత్రం పది హిందూస్థానీ రాగాలను తీసుకొన్నారు.

రాగాలు, యంత్రాలు

రోలాండ్ కంపెనీవారి మూడు పరికరాలు దీనికి ఆధారం: తాళానికి టి.ఆర్.-808, మంద్రస్వరాలకు టి.బి.-303, రాగానికి జూపిటర్-8. టి.బి.-303లో ఒక స్వరంనుండి మరొక స్వరానికి జారే సౌకర్యమున్నది. మన గమకానికి అది కొంత దగ్గర. పేర్లు చూసి భ్రమపడరాదు. ఇందలి భూపాలి మన భూపాలం కాదు, మోహన; కళావతి మన కళావతి కాదు, వలజి. మాల్‌కౌంస్ అంటే హిందోళమే. కోనసీమ తీర్థాలలో సన్నాయి విని పెరిగినవారు డిస్కో దరువు మధ్యనుండి కూడా ఈ రాగాలను పోల్చుకోగలరు. యంత్రాలపై వాయించినా రాగస్వరూపం చెడలేదు. ఈ ఆల్బము విలువ అక్కడే ఉన్నది.

ఆదరణ

విడుదలైనపుడు దీనిని పట్టించుకొన్నవారు తక్కువ. 2010లో బాంబే కనెక్షన్ సంస్థ పునర్ముద్రించిన తరువాత, 1987నాటి చికాగో యాసిడ్ హౌస్ సంగీతంతో దీనికున్న పోలిక పాశ్చాత్యులను ఆశ్చర్యపరచింది. ఆ బాణీకి సింగే ఆద్యుడనడం అతిశయోక్తి. చికాగోవారు కూడా టి.బి.-303నే వాడారు, పోలికకు కారణమదే. సింగ్ 2015లో మరణించారు.