నవలకు ముందు వేయవలసిన పట్టికలు

మన సరిహద్దు పల్లెలలో నవలకు తగిన కథ లేని ఇల్లు అరుదు. ఏ తరంలో వలస వచ్చారో, ఏ బావి తవ్వి నిలదొక్కుకున్నారో పెద్దలు పూసగుచ్చినట్లు చెప్పగలరు. అయితే ఆ కథను నవలగా మలచ పూనుకున్నవారు యాభై అరవై పుటలు రాసి ఆగిపోవడం తరచుగా కనిపిస్తుంది. చాలా సందర్భాలలో కొరవడినది ప్రతిభ కాదు, ముందస్తు ఏర్పాటు. మొదటి ప్రకరణంలో పెద్దకోడలికి పెట్టిన పేరు ఆరవ ప్రకరణంలో ఆడపడుచుకు తగులుకుంటుంది. చనిపోయిన ఎద్దు మళ్ళీ కాడి మోస్తుంది. అక్కడితో రచయితకు విసుగు పుడుతుంది.

విశ్వనాథ సత్యనారాయణ గారు ‘వేయిపడగలు’ను 1934లో నెల తిరగకుండానే చెబుతూ రాయించారని ప్రసిద్ధి. అది ఆయనకు చెల్లింది. ప్రపంచంలో పేరుపొందిన నవలాకారులు అనేకులు పట్టికలను, చీటీలను ఆశ్రయించినవారే. అమెరికా రచయిత విలియం ఫాక్నర్ 1954లో వెలువడిన ‘ఎ ఫేబుల్’ నవల ప్రణాళికను వారాల పేర్ల కింద తన గది గోడల మీదనే రాసుకున్నారు. మిసిసిపీ రాష్ట్రంలోని ఆ ఇంటిలో ఆ రాతలు నేటికీ చూడవచ్చు. జోసెఫ్ హెల్లర్ ‘క్యాచ్ 22’ (1961) కోసం ఒక వైపు కాలక్రమాన్ని, మరొక వైపు పాత్రలను నిలిపి పెద్ద గళ్ళ పట్టిక గీశారు. ఆ నవలలో కథ ముందువెనుకలుగా నడుస్తుంది కనుక ఆ పట్టిక లేకుంటే రచయితే దారి తప్పేవారు.

సరిహద్దు నవలకు ప్రాణం కాలపట్టికే. కారణం స్పష్టం. ఇక్కడ ఇల్లు కదలకపోయినా ప్రభుత్వం మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు గంజాం, కోరాపుట్ ప్రాంతాల తెలుగువారు అందులో చేరారు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రానికి వెళ్ళింది. 1954లో యానాం ఫ్రెంచి పాలన నుండి బయటపడింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి చేరింది. మద్రాసు రాష్ట్రం తమిళనాడుగా మారినది 1969లో, మైసూరు కర్ణాటక అయినది 1973లో. హోసూరు కథలో 1965 నాటి పాత్ర “మాది కృష్ణగిరి జిల్లా” అంటే తెలిసిన పాఠకుడు నవ్వుతాడు. ఆ జిల్లా ఏర్పడినది 2004లో. 1957కు ముందు సంతలో అణాలే గాని నయాపైసలు లేవు.

కాబట్టి ఒక చిట్టా పుస్తకంలో నాలుగు నిలువు గళ్ళు గీయండి. సంవత్సరం, ఊరు ఏ రాష్ట్రంలో ఉన్నది, ఇంటిలో ఏమి జరిగినది, ముఖ్య పాత్రల వయస్సు. చివరి గడి చిన్నదిగా కనబడినా పట్టుకునే తప్పులు పెద్దవి. 1936లో పన్నెండేళ్ళ పెళ్ళికూతురు 1960కి ముప్పై ఆరేళ్ళ మనిషి. ఆ ఏడు ఆమె మనుమడు కాలేజీలో చేరాడని రాస్తే లెక్క కుదరదు.

పెద్దలు ఇంగ్లీషు సంవత్సరం చెప్పరు, “దుర్ముఖి నామ సంవత్సరంలో” అంటారు. దుర్ముఖి 1956లో వచ్చింది, 1896లోనూ 2016లోనూ వచ్చింది. అరవై ఏళ్ళకొకసారి పేరు తిరిగి వస్తుంది కనుక ఆ ఏటి మరొక సంఘటన కూడా అడిగి నిర్ధారించుకోవాలి. పైగా తెలుగు, కన్నడ సంవత్సరం ఉగాదితో మొదలైతే, అదే పేరుగల తమిళ సంవత్సరం ఏప్రిల్ నడుమ మొదలవుతుంది.

రెండవ సాధనం చీటీలు. నబకోవ్ తన నవలలను చిన్న అట్టచీటీల మీద రాసి, వాటిని కావలసినట్లు మార్చి పేర్చుకునేవారు. మన ఇండ్లలో పాత శుభలేఖలకు కొదవ లేదు. వాటి ఖాళీ వైపున చీటీకొక సన్నివేశం రాసి నేలమీద పరచుకుంటే, ఏ సంఘటన ముందుండాలో కంటికే తెలుస్తుంది. వంశవృక్షం సంగతి వేరుగా చెప్పనక్కరలేదు, గోడకు ఒక చార్టు చాలు.

అందరూ మరచిపోయేది మాటల పట్టిక. మన ఇంటిలో తెలుగు, సంతలో కన్నడమో తమిళమో ఒడియానో, కచేరీలో మరొకటి. ఎవరు ఎవరితో ఏ భాషలో మాట్లాడతారో, ఎవరిని ఏ వరసతో పిలుస్తారో ముందే రాసుకోవాలి. తెలుగు మాతృభాషగా గల తమిళ రచయిత కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి వద్ద ఇడైసెవల్ గ్రామానికి చెందినవారు. తమ నల్లరేగడి సీమ పలుకులను సేకరించి ఏకంగా నిఘంటువునే కూర్చారు. తెలుగు వలసదారుల సంతతిని గురించిన ఆయన నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

కంప్యూటరు ఉన్నవారికి 2007లో వచ్చిన స్క్రివెనర్ వంటివి ఉన్నాయి, అందులో చీటీల పలక తెరమీదనే ఉంటుంది. దానికి డబ్బు చెల్లించాలి. మామూలు ఎక్సెల్ పట్టికతోనూ పని జరుగుతుందని మా అభిప్రాయం. అయితే పాత అను ఫాంట్లలో కాక యూనికోడ్‌లో టైపు చేయండి, లేకుంటే వెతికినప్పుడు పేరు దొరకదు.

పట్టికలో కొన్ని గళ్ళు ఖాళీగా మిగులుతాయి. మొదటి ప్రకరణం మొదలుపెట్టే ముందు ఆ గళ్ళను పట్టుకుని ఇంటి పెద్దల వద్ద కూర్చోండి. 1956లో పదేళ్ళ పిల్లవానికి ఇప్పుడు ఎనభై దాపు.