సీబీడీ ఆయిల్: తిరగవాతలో వేసుకునే నూనె కాదిది.. సీసా కొనే ముందు ఏం చూడాలంటే?

మోకాళ్ల నొప్పులకు రెండు చుక్కలు, నిద్ర పట్టకపోతే పాలల్లో రెండు చుక్కలు.. సీబీడీ ఆయిల్ గురించి ఫోన్లలో తిరిగే వీడియోలు ఇలాగే ఉంటాయి. కొన్నింటిలో ఆ నూనెతో కూరలు, స్వీట్లు కూడా చేసి చూపిస్తుంటారు. దీంతో కర్నూలు, కడప వైపు ఇళ్లలోనూ వచ్చే ప్రశ్న ఒకటే. బుడ్డల నూనెలాగా దీన్నీ వంటలో వాడుకోవచ్చా? అమెరికాలో ఉన్న పిల్లలు వచ్చేటప్పుడు ఓ సీసా తెస్తే తప్పేంటి?

సూటిగా చెప్పాలంటే సీబీడీ ఆయిల్ మన దేశంలో వంట నూనె కాదు. అది మందు కిందే లెక్క. ఎందుకో వివరంగా చూద్దాం.

ఒకే మొక్క.. మూడు నూనెలు

గంజాయి మొక్కలో ప్రధానంగా రెండు పదార్థాలుంటాయి. మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ. మత్తు ఇవ్వనిది సీబీడీ, అంటే కన్నాబిడియాల్. అసలు గందరగోళం నూనెల పేర్లతోనే మొదలవుతుంది.

మొదటిది హెంప్ సీడ్ ఆయిల్. గింజలను గానుగ ఆడించి తీస్తారు. ఇది ఆహారం. రెండోది సీబీడీ ఆయిల్. ఆకు లేదా పూత నుంచి తీసిన సారాన్ని వేరే నూనెలో కలిపి డ్రాపర్ సీసాలో అమ్ముతారు. ఇది మందు. మూడోది హషిష్ ఆయిల్. మత్తు కోసం తీసే చిక్కటి సారం. ఇది ఇంట్లో దొరికితే నేరుగా కేసే.

ఇంకో తికమక కూడా ఉంది. హెంప్‌ను తెలుగులో కొందరు జనుము అని రాసేస్తుంటారు. సీమ చేలల్లో పచ్చిరొట్టగా వేసే జనుముకు, గంజాయి మొక్కకు సంబంధమే లేదు. రెండూ వేర్వేరు మొక్కలు.

చట్టం ఏమంటోంది?

1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం ప్రకారం మొక్క పూత కొమ్మలు గంజాయి కిందికి, జిగురు చరస్ కిందికి వస్తాయి. హషిష్ ఆయిల్‌ను కూడా చరస్‌లోనే కలిపారు. పూత లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు మాత్రం గంజాయి నిర్వచనంలోకి రావు. ఆకుల వ్యవహారాన్ని రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు చూసుకుంటాయి. మన దేశంలో ఆకు సారంతో చేసిన సీబీడీ నూనెలు ఆయుర్వేద మందుల లైసెన్సుతో వస్తున్నది ఈ దారిలోనే. అవి వైద్యుడి చీటీ మీద, చెప్పిన మోతాదులో వాడాల్సినవి.

గింజలకు దారి 2021 నవంబర్‌లో తెరుచుకుంది. హెంప్ గింజలు, గింజల నూనె, పిండిని ఆహారంగా అమ్మేందుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతిచ్చింది. అయితే గట్టి షరతులు పెట్టింది. కిలో గింజల నూనెలో టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు దాటకూడదు. సీబీడీ 75 మిల్లీగ్రాములు దాటకూడదు. మత్తు వస్తుందనే అర్థం వచ్చేలా లేబుల్ ఉండకూడదు.

ఇక్కడే అసలు విషయం ఉంది. మార్కెట్లో 30 మిల్లీలీటర్ల సీబీడీ సీసా మీద 1000 మిల్లీగ్రాములు అని రాసి ఉండటం మామూలే. కిలోకు 75 అనే హద్దు పక్కన పెట్టి చూస్తే, ఆ సీసా ఆహారం కాదని లేబులే చెప్పేస్తోంది.

అమెరికా నుంచి తెస్తే?

2018లో అమెరికా తెచ్చిన ఫార్మ్ బిల్లు, 0.3 శాతంలోపు టీహెచ్‌సీ ఉన్న హెంప్‌ను నిషేధిత జాబితా నుంచి తప్పించింది. అక్కడి షాపుల్లో సీబీడీ నూనెలు, గమ్మీలు విరివిగా కనిపించడానికి కారణం ఇదే. కానీ ఆ 0.3 శాతం అంటే కిలోకు 3000 మిల్లీగ్రాములు. మన గింజల నూనెకు పెట్టిన హద్దుకు 300 రెట్లు! పైగా అక్కడి నూనెలు చాలావరకు పూత నుంచే తీస్తారు. అక్కడ షాపులో కొన్నదే అయినా, ఇక్కడి విమానాశ్రయంలో ఎన్డీపీఎస్ కేసు కావొచ్చు. అమ్మానాన్నల నొప్పుల కోసం తెచ్చామన్నా చట్టం ముందు చెల్లదు.

అమెరికాలోనూ దీన్ని వంట సరుకుగా ఒప్పుకోలేదు. ఆహారానికి ఉన్న నిబంధనలు సీబీడీకి సరిపోవని అక్కడి ఎఫ్‌డీఏ 2023 జనవరిలో ప్రకటించింది. రోజుకు 10 మిల్లీగ్రాములు మించొద్దని బ్రిటన్ ఆహార సంస్థ అదే ఏడాది అక్టోబర్‌లో ఆరోగ్యవంతులైన పెద్దలకు సూచించింది.

పొయ్యి మీద పెడితే ఏమవుతుంది?

ఆవాలు చిటపటలాడే వేడికి సీబీడీ కొంత పోతుంది. ఎంత పోయిందో, ఎంత మిగిలిందో ఇంట్లో కొలిచే మార్గం లేదు. గిన్నెలో అంతటా సమానంగా కలవదు కాబట్టి ఒకరి కంచంలో ఎక్కువ, ఇంకొకరి కంచంలో తక్కువ పడొచ్చు. అదే గిన్నెలోంచి పిల్లలు, గర్భిణులు కూడా తింటారు.

కొవ్వుతో కలిస్తే ఇంకో సమస్య. మూర్ఛకు 2018లో ఎఫ్‌డీఏ అనుమతి పొందిన సీబీడీ మందు ఎపిడియోలెక్స్. కొవ్వు ఎక్కువున్న భోజనంతో తీసుకుంటే, పరగడుపున తీసుకున్నదానికంటే ఇది దాదాపు 4 రెట్లు ఒంటికి పడుతుందని తేలింది. అంటే రాగిసంగటిలో నెయ్యి ఎంత వేశారన్నదాన్ని బట్టి మోతాదు మారిపోతుందన్నమాట.

మగత, విరేచనాలు, ఆకలి తగ్గడం, లివర్ ఎంజైములు పెరగడం దీని దుష్ప్రభావాలు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే క్లోబజామ్, వాల్‌ప్రోయేట్ వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఈ మందులతో సీబీడీకి పొసగదు. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి.

మరి వంటకు ఏది?

హెంప్ రుచి చూడాలనుకుంటే గింజలు, గింజల నూనె ఉన్నాయి. గింజల్లో ప్రోటీన్, ఒమేగా-3 కొవ్వులు బాగానే ఉంటాయి. ఈ నూనె వేడికి త్వరగా పొగ వస్తుంది. కాబట్టి బజ్జీలకు, తిరగవాతకు పనికిరాదు. పొడిలో, చట్నీలో పైన వేసుకోవాలి. నొప్పులు తగ్గుతాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అందులో సీబీడీ నామమాత్రమే.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇవీ: ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్ ఉంటే ఆహారం. ఆయుర్వేద తయారీ లైసెన్స్ ఉంటే మందు, డాక్టర్ చీటీ తప్పనిసరి. రెండూ లేకపోతే ఆ సీసా ముట్టుకోవద్దు.

గంజాయి అమ్మకాలపై సమాచారం ఇవ్వాలంటే ఆంధ్రప్రదేశ్‌లో ఈగల్ విభాగం టోల్‌ఫ్రీ నంబర్ 1972కు ఫోన్ చేయొచ్చు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ మందైనా వైద్యుల సలహా మేరకే వాడాలి.